వెంట్రుకవాసి

లాగవే చెల్లెలా తోలుతాడు
లాగితే తిరిగేను ఇనుప దూడ
కొమ్ములు కోసేసి, కోసేసి... ఏదో చేసి...

ఈ పాటలో మూడో పాదం సగమే మిగిలింది. నాలుగోది ఎటు పోయిందో తెలియదు. మాణిక్యం చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని, తరిమెనకు చుట్టిన తోలుతాడు లాగుతూ పాడిన పాట అది. తాడు లాగితే తరిమెన మీది కడ్డీ తిరుగుతుంది. తిరిగే కడ్డీకి ఉలి ఆనిస్తే ఇనుము ఉంగరాలు ఉంగరాలుగా రాలుతుంది. పెద్దయ్యాక, నాన్న పోయి కార్ఖానా తన చేతికొచ్చాక కూడా, పని మధ్యలో అదే నోటికొచ్చేది. రెండు పాదాలు పాడి, మూడోదాని దగ్గర తడబడి, కూనిరాగం తీసి ఊరుకునేది.

అనగనగా అంటే ఇప్పుడు కాదు, ఇనుము ఇంకా మనిషి గొంతు గుర్తుపట్టే రోజుల్లో, కొలిమిపాడని ఒక ఊరుండేది. ఊరికి ఎగువన ఏటికి అడ్డంగా పెద్ద కట్ట. కట్టకు ఏడు తలుపులు. వానలు ముదిరితే ఆ తలుపులెత్తి నీళ్ళు వదలాలి. వదలకపోతే కట్ట తెగుతుంది. కట్ట తెగితే దిగువన నాలుగు పల్లెలు, కొలిమిపాడుతో సహా, ఉండవు.

ఒక వేసవిలో రాజుగారు గుర్రం దిగి కట్ట మీద నడిచాడు. ఒక చెక్క తలుపును బొటనవేలితో నొక్కాడు. వేలు మెత్తగా లోపలికి దిగింది. చెక్క చివికిపోయింది.  ఆయన వెంటనే ఊళ్ళో ఉన్న నాలుగు కార్ఖానాలవాళ్ళనూ పిలిపించాడు.

"ఇనుప తలుపులు నేను పోత పోయిస్తాను. వాటిని ఎత్తడానికి మరకడ్డీలు కావాలి. ఏడు కడ్డీలు, ఏడు దిమ్మలు. వచ్చే ఏడాది వానల్లోగా" అన్నాడు.

మరకడ్డీ అంటే మనిషి కంటే పొడుగున్న ఇనుప కడ్డీ. దాని ఒంటి నిండా పాము చుట్టుకున్నట్టు మెలికలు. దిమ్మ అంటే ఇత్తడి ముద్ద, మధ్యలో బెజ్జం, ఆ బెజ్జంలోనూ మెలికలే. దిమ్మలో కడ్డీని తిప్పితే తలుపు పైకి లేస్తుంది.

"ఒక్క కడ్డీకి ఏడాది పడుతుంది ప్రభూ. నలుగురం కలిసి రాత్రనక పగలనక చేసినా రెండేళ్ళు" అన్నాడు గంగాచారి. అందరిలోకీ పెద్ద కార్ఖానా ఆయనది.

"వానలు రెండేళ్ళు ఆగుతాయా?" అన్నాడు రాజు.



సరిగ్గా ఆ వేసవిలోనే మల్లిశెట్టి అనే వర్తకుడు, ఓడ దిగి, రెండు బళ్ళ మీద ఒక యంత్రాన్ని వేసుకుని ఆ ఊరొచ్చాడు. దానికి తాడు లాగేవాళ్ళు అక్కర్లేదు, ఏటి చక్రమే తిప్పుతుంది. ఉలి పట్టే చెయ్యి కూడా అక్కర్లేదు. రాగిరేకు మీద కొలత రాసి దాని నోట్లో పెడితే, అది చదువుకుని కోస్తుంది. ఏడాది పని నెలలో చేస్తుంది.

"చదువుతుందా?" అంది మాణిక్యం.

"చదువుతుందమ్మా."

"నాకే రాదే" అంది.

గంగాచారి యంత్రం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మిగతా ఇద్దరూ ఆయన వెనకే తిరిగారు. "బాగానే ఉంది. ముందు ఎవరైనా తీసుకోనీ, చూద్దాం" అని గట్టు మీద కూర్చున్నారు.

"నేను తీసుకుంటాను" అంది మాణిక్యం.

గంగాచారి నవ్వాడు. "అమ్మాయ్, ముందు దూకిన మేక గొయ్యి ఎంత లోతో చెప్పడానికే పనికొస్తుంది."

"ఆఖరున నిలబడ్డ మేక ఎండుగడ్డి సంగతి తప్ప ఏం చెప్పగలదు బాబాయ్?" అంది మాణిక్యం. ఇంటికొచ్చాక వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఏడు కడ్డీలూ తనే ఒప్పుకుంది. నాలుగు పల్లెల ప్రాణం తన కొంగున కట్టుకున్నట్టయింది.

యంత్రానికి రాసిపెట్టాలి కదా, కార్ఖానాలో ఎవరికీ రాత రాదు. ముప్పై దాటాక మాణిక్యం మల్లిశెట్టి ముందు కూర్చుని ఇసకలో వేలితో దిద్దుకుంది. 'అ' చూస్తే పడుకుని తోకెత్తిన పిల్లిలా కనిపించింది. సున్నా దగ్గర ఆగిపోయి, "ఏమీ లేదనడానికి కూడా గుర్తు పెట్టారా?" అని చాలాసేపు దాని వంకే చూసింది. తన పేరు తను రాసుకున్న రోజు దాన్ని చెరపబుద్ధి కాలేదు. గాలి వచ్చి చెరిపితే, పోనీలే అని మళ్ళీ రాసుకుంది.

ఇక్కడ ఆ ఊరి పనివాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. తరిమెన మీద కడ్డీ కోసేవాళ్ళు ఎప్పుడూ కొలత దాకా కొయ్యరు. వెంట్రుకవాసి లావుగా వదిలేస్తారు. దిమ్మకు బెజ్జం తొలిచేవాళ్ళూ అంతే, వెంట్రుకవాసి సన్నంగా వదిలేస్తారు. ఆ మిగులు ఆకురాయివాడి వాటా. ఇనుమును అరగదీసే గరుకు కడ్డీయే ఆకురాయి. అది పట్టుకుని ఆఖరున ఒకడు కూర్చుంటాడు. గోటితో తడిమి, కాస్త ఇక్కడ, కాస్త అక్కడ రాసి, కడ్డీనీ దిమ్మనీ ఒకదానికొకటి కుదురుస్తాడు.

మాణిక్యం కార్ఖానాలో ఆ పని ఆమె మేనమామ సోమలింగానిది. "కడ్డీ పెళ్ళికొడుకు, దిమ్మ పెళ్ళికూతురు, నేను పురోహితుణ్ణి. నా దక్షిణ ఒక వెంట్రుక" అంటుండేవాడు. యాభై ఏళ్ళు అలా రాసి రాసి ఆయన కుడి బొటనవేలి గోరు వంకరపోయింది. ఆ గోటికి కనిపించినంత కంటికి కూడా కనిపించేది కాదు.

ఎందుకు వదులుతారు అని మాణిక్యం ఎప్పుడూ అడగలేదు. నాన్న వదిలాడు, తనూ వదిలింది. గుమ్మం ముందు చెప్పులు విడవమని ఎవరు చెప్పారు? ఇదీ అంతే.

మొదటి రేకు రాయాల్సిన రోజు వచ్చింది. తెలికల నూకయ్యకు నూనెగానుగ మరకడ్డీ కావాలి. రాజుగారి పని ముందు పెట్టకుండా, చెయ్యి అలవాటు కోసం మాణిక్యం అది ఒప్పుకుంది.

"ఎంత లావు మావయ్యా?" అని అడిగింది.

"మూడంగుళాలు" అన్నాడు సోమలింగం.

ఆ యంత్రం అంగుళాన్ని మూడువందల భాగాలు చేసి లెక్కపెడుతుంది. అందులో ఒక భాగం సరిగ్గా వెంట్రుకంత. మాణిక్యం రాగిరేకు మీద మూడంగుళాలు అని రాసింది, పక్కన ఒక భాగం అని రాసింది. వెంట్రుకను కూడా రాయొచ్చు అని తెలిసి ఆమెకు ఒళ్ళు పులకరించింది. దిమ్మ రేకు మీద మూడంగుళాలకు ఒక భాగం తక్కువ రాసింది. ఎందుకు రాశావంటే ఆమె దగ్గర జవాబు లేదు. చెయ్యి రాసింది.

యంత్రం చదువుకుంది. కోసింది. కడ్డీ అద్దంలా మెరుస్తూ వచ్చింది.

సోమలింగం ఆకురాయి తీసుకుని లేచాడు. మల్లిశెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకా అదెందుకు పెద్దాయనా? ఇది రాసిన కొలతకే కోస్తుంది. వెంట్రుక తేడా రాదు. దేశదేశాల్లో ఆకురాళ్ళు అటకెక్కాయి."

"నిజమే మావయ్యా" అంది మాణిక్యం, ప్రేమగానే. "యాభై ఏళ్ళు ఇనుపరజను మింగావు. ఇక హాయిగా కూర్చో."

యంత్రం కొలతకే కోస్తుంది అన్న మాట ఆమె విన్నది. కొలత మీద వెంట్రుక వదిలిన చెయ్యీ ఆమెదే. ఆ రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి చూసుకోలేదు.

"కూర్చోమంటే కూర్చుంటా" అన్నాడు సోమలింగం. ఆకురాయిని గుడ్డలో చుట్టి, అరుగు మీద కూర్చున్నాడు. ఆరోజు ఆయన అన్నం సగం వదిలేశాడు.

నాలుగు రోజులకు నూకయ్య ఎదురుపడ్డాడు. "కడ్డీ ఎలా ఉంది నూకయ్యా?" అని అడిగితే, "ఇప్పుడు నూనె పోసినట్టు తిరుగుతోందమ్మా" అన్నాడు. 'ఇప్పుడు' అన్నాడు. ఆ ఒక్క మాట ఆమె చెవి పక్కనుంచి పోయింది.

రెండోది పత్తి మూటలు అదిమే మర. సంతపేట సాలెవాళ్ళు తీసుకెళ్ళారు. పది రోజులకు, "పసిపిల్ల తిప్పినా తిరుగుతోంది" అని కబురు చేశారు.

మాణిక్యం మురిసిపోయింది. గంగాచారి కార్ఖానా ముందు నుంచి వెళ్ళేటప్పుడు కాస్త నెమ్మదిగా నడిచేది. మావయ్య మధ్యమధ్య ఎక్కడికో వెళ్ళొస్తున్నాడు. పనిలేని మనిషి గోళ్ళలో నలుపెందుకుందో ఒకసారి అడగాలనుకుంది. రాజుగారి కడ్డీల తొందరలో అడగలేదు.

మూడోసారి రాజుగారి ఏడు కడ్డీలు. అదే చెయ్యి, అదే రాత. కడ్డీకి ఒక భాగం ఎక్కువ, దిమ్మకు ఒక భాగం తక్కువ. ఏడు నెలల్లో ఏడు జతలు బారుగా నిలబడ్డాయి, ఒకే తల్లి కడుపున పుట్టిన కవలల్లా. ఊరు ఊరంతా వచ్చి చూసింది. గంగాచారి కూడా వచ్చి చూసి వెళ్ళాడు.

మరుసటి ఎండాకాలం చివర్లో కట్ట మీద వాటిని బిగించారు. రాజుగారి మనుషులు, బాకాలు, గొడుగులు. మాణిక్యం కొత్త చీర కట్టుకుని నిలబడింది. అంతలో జనంలోంచి సోమలింగం వచ్చాడు, చంకలో ఆ గుడ్డమూటతో.

"ఏమిటి మావయ్యా?"

"ఏం లేదు. ఒకసారి గోరు పెట్టి చూసి పోతా."

రాజుగారి మంత్రి అటే చూస్తున్నాడు. మాణిక్యానికి సిగ్గేసింది. యంత్రం చేసినదానికి ముసలాయన ఆకురాయి పడితే ఏమనుకుంటారు?

"ఇంటికెళ్ళు మావయ్యా. ఇక్కడ ఆకురాయి కనబడితే నా పరువు పోతుంది" అంది మెల్లగా.

ఆయన ఆమె మొహం వంక చూశాడు. "సరే తల్లీ" అన్నాడు. తల్లీ అని ఆయన ఎప్పుడూ అనేవాడు కాదు. వెనక్కి తిరిగి, కట్ట దిగి వెళ్ళిపోయాడు.

తలుపెత్తి చూపించమన్నారు. తిప్పుడుకర్రకు ఎనిమిది మంది చాలాలి. పన్నెండు మంది పడితే గాని కదల్లేదు. కడ్డీ కీచుమంది.

"కొత్తది కదా, బిగువుంటుంది. కొవ్వు రాయండి, వాడగా వాడగా వదులవుతుంది" అన్నాడు మల్లిశెట్టి. ఆయన అబద్ధం చెప్పలేదు, అంతే తెలుసు ఆయనకు. కొవ్వు రాశారు. మూరెడు లేచింది. బాకాలు ఊదారు. అందరూ ఇళ్ళకు పోయారు.

ఆ ఏడు వాన, పడుతున్నట్టు కాదు, పోస్తున్నట్టు వచ్చింది. మూడు రోజులు సూర్యుడు లేడు. నాలుగో రోజు పొద్దున ఏరు ఎర్రగా, దుంగలతో, కొట్టుకొచ్చిన గడ్డివాములతో కట్టకు ఆనింది. తలుపులెత్తండి అని కేక పడింది.

ఏడు తలుపుల్లో ఒక్కటీ లేవలేదు.

తడికి, తుప్పుకు కడ్డీలు దిమ్మల్లో బిర్రబిగుసుకుపోయాయి. పన్నెండు మంది పట్టారు, ఇరవై మంది పట్టారు. మూడో తలుపు దగ్గర తిప్పుడుకర్ర విరిగి ఇద్దరికి దెబ్బలు తగిలాయి. నీళ్ళు కట్ట అంచుకు జానెడు దూరంలో ఉన్నాయి. మాణిక్యం వానలో నిలబడి కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. అది చల్లగా, మొండిగా ఉంది. ఎందుకు తిరగదో ఆమెకు అంతుపట్టలేదు.

గానుగ నూకయ్య తట్టతో మట్టి మోస్తున్నవాడు ఆమె దగ్గర ఆగాడు.

"మీ మావయ్యని పిలవలేదా అమ్మా?"

"మావయ్యెందుకు?"

నూకయ్య తడబడ్డాడు. "చెప్పొద్దన్నాడు. నీ కడ్డీ మొదట్లో నా గానుగలో కూడా ఇలాగే బిగుసుకుంది. మీ మావయ్య వచ్చి ఒక పూటంతా ఆకురాయితో రాశాడు. కొత్తకోడలు, కాస్త బిగుసుకుంటుంది, మా పిల్లతో అనకు అన్నాడు. సంతపేట వాళ్ళకూ ఆయనే వెళ్ళి రాశాడట."

వానలో ఆమెకు ఒక్కసారిగా అంతా తెలిసింది. మూడంగుళాలు, పక్కన ఒక భాగం. తన చెయ్యి రాసిన ఆ చిన్న గీత. ఆ వెంట్రుక తీసే మనిషిని తనే అరుగు మీద కూర్చోబెట్టింది. తనే ఇంటికి పొమ్మంది.

పరుగెత్తింది. సోమలింగం గడపలో కూర్చుని వాన చూస్తున్నాడు. పక్కనే గుడ్డమూట ఉంది. ఆమె గడప దగ్గరికి రాగానే ఆయనే అడిగాడు.

"ఎన్ని?"

"ఏడూ, మావయ్యా."

"చెయ్యి ఒకటేనే" అంటూ లేచాడు.

"నాదీ ఉంది."

"అయితే రెండో ఆకురాయి అటక మీదుంది, తీసుకో."

కట్ట మీంచి తలుపుల దగ్గరికి, నడుములోతు నీళ్ళలోకి దిగి, తాళ్ళు కట్టించుకుని ఇద్దరూ రాశారు. ఆయన గోరు పెట్టి, "ఇక్కడ" అనేవాడు. ఆమె రాసేది. "చాలు. ఎక్కువైతే ఊగుతుంది." మళ్ళీ గోరు, మళ్ళీ "ఇక్కడ." వెనక ఎనిమిది మంది తిప్పుడుకర్ర పట్టుకుని నిలబడ్డారు. మొదటి తలుపు లేచినప్పుడు జనం ఏడ్చారు. మధ్యాహ్నం వేళకు రెండోది లేచింది. తరవాత మూడోది. నాలుగోది లేచేసరికి సోమలింగం వేళ్ళు ముడుచుకుపోయి, ఆకురాయిని చేతిలోంచి విడదీయాల్సి వచ్చింది.

మిగతా మూడూ లేవలేదు.

కట్ట తెగలేదు. కానీ నాలుగు పల్లెల్లో ఒకటైన దిగువపాలెం వైపు అంచు మీది నుంచి నీళ్ళు పొర్లాయి. ఇరవై ఇళ్ళు పోయాయి. జనాన్ని గుట్ట ఎక్కించారు. ఎక్కనివాళ్ళు ముగ్గురు. ఒక చాకలాయన గాడిదల కోసం వెనక్కి వెళ్ళాడు. ఒక బాలింత, ఆమె తల్లి. నీళ్ళు తీశాక, మూడు రోజులకు దొరికారు.

సోమలింగానికి ఆ సాయంత్రమే చలిజ్వరం పట్టుకుంది. నాలుగు కంబళ్ళు కప్పినా వణుకు ఆగలేదు. వైద్యుడు నాడి చూసి, మాణిక్యం వంక చూడకుండా మందు నూరాడు.

ఐదో రోజు రాజసభకు రమ్మని కబురొచ్చింది.

సభలో యంత్రాన్ని కూడా బండి మీద తెచ్చి నిలబెట్టారు, దొంగను నిలబెట్టినట్టు. మల్లిశెట్టి దాని పక్కన వణుకుతున్నాడు. గంగాచారీ వాళ్ళూ ఒక పక్క, దిగువపాలెం వాళ్ళు ఒక పక్క. వాళ్ళ వైపు మాణిక్యం చూడలేకపోయింది.

"అచ్చిరాని యంత్రం ప్రభూ. పగలగొట్టించండి" అన్నాడు మంత్రి.

రాజు మాణిక్యాన్ని అడిగాడు. "తప్పు యంత్రానిదా?"

అవునంటే చాలు. యంత్రానికి నోరు లేదు, కాదనదు. ఇంటికి పోవచ్చు. 

"కాదు ప్రభూ. అది రాసినట్టే కోసింది."

"అయితే ఆకురాయి అక్కర్లేదని చెప్పిన ఈ వర్తకుడిదా?"

మల్లిశెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"కాదు ప్రభూ. నేను వెంట్రుక వదిలి రాస్తున్నానని ఆయనకు తెలియదు. యంత్రం వచ్చిన దేశంలో వదలరు."

"మరి ఎవరిది?"

"రాసిన చెయ్యి నాది" అంది. వెంట్రుక సంగతి మొదటి నుంచీ చెప్పింది. నాన్న వదిలాడని వదలడం, ఎందుకో అడగకపోవడం, మావయ్య దొంగచాటుగా వెళ్ళి రాయడం, కట్ట మీద తను ఆయన్ని పొమ్మనడం. పరువు అన్న మాట కూడా దాచలేదు.

 గంగాచారి మెల్లగా అన్నాడు, ఎగతాళి కాదు. "నేను తీసుకునుంటే నేనూ ఆ వెంట్రుకే రాసేవాణ్ణి ప్రభూ. మా అందరి చేతులూ అలాగే రాస్తాయి."

రాజు తీర్పు చెప్పాడు.

"అబద్ధం చెప్పి ఉంటే యంత్రాన్ని పగలగొట్టించేవాణ్ణి, మళ్ళీ రెండేళ్ళు చెక్క తలుపులతో కూర్చునేవాళ్ళం. నిజం చెప్పావు కనుక యంత్రం ఉంటుంది, నీ కార్ఖానా ఉంటుంది. ఆ మూడు కడ్డీలూ మళ్ళీ కొయ్యి, ఈసారి వెంట్రుక లేకుండా. ఇకనుంచి ఏ కడ్డీ అయినా గోరు పెట్టి చూసే మనిషి సరే అన్నాకే కార్ఖానా గుమ్మం దాటాలి." ఆయన దిగువపాలెం వాళ్ళ వైపు తిరిగాడు. "కానీ ముగ్గురు తిరిగి రారు. ఆ బాలింత బిడ్డ బతికి ఉంది. దాన్ని నువ్వు పెంచాలి. చాకలాయన భార్యకు నీ బతుకంతా నువ్వే అన్నం పెట్టాలి."

"పెడతాను" అంది మాణిక్యం. గెలిచినట్టు ఆమెకు అనిపించలేదు. ఎవరికీ అనిపించలేదు.

ఆ బిడ్డను కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చేసరికి సోమలింగం కళ్ళు తెరిచే ఉన్నాడు. జ్వరం తగ్గింది, దానితోపాటు ఒంట్లో వేడి కూడా తగ్గుతోంది. బొటనవేలు దుప్పటి అంచును తడుముతోంది, గరుకు ఎక్కడుందో వెతుకుతున్నట్టు.

"యంత్రాన్ని పగలగొట్టారా?" అని అడిగాడు.

"లేదు మావయ్యా."

"మంచిది. ఎంత నున్నగా కోస్తుందో. నా జన్మలో అంత నున్నన నేను తేలేదు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అదెవరు?"

"ఇక మన పిల్లే."

ఆయన బిడ్డ చేతిని గోటితో ముట్టుకోబోయి, వంకర గోరని మానుకున్నాడు.

మాణిక్యం ఆయన పాదాల దగ్గర కూర్చుంది. "గానుగ దగ్గరే నాతో ఒక్క మాట అంటే పోయేది కదా మావయ్యా. నూకయ్యకు చెప్పావు గాని నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఆ గీత రాయడం మానేస్తావు. మానేస్తే ఇక నాతో పనేముంది? నేను లేకపోతే నడవదని నాకు నేను అనుకోవడం బాగుండేదే." ఆయన కళ్ళ చివర నీళ్ళు కారాయి. "నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు. కడ్డీకొకటి, దిమ్మకొకటి, చెరో వెంట్రుకా వదిలాం. ముగ్గురు పోయారు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. అది ఇంకా ఆకురాయి పట్టినట్టే ముడుచుకుని ఉంది.

"ఆ మూడు కడ్డీలూ నువ్వు ఆకురాయి పెట్టకుండానే తిరగాలి. కొత్తది వస్తే మళ్ళీ ముందు నువ్వే తెచ్చుకో, భయపడకు" అన్నాడు. మాట సన్నబడింది. ఆమె వంగి చెవి పెట్టింది.

"కానీ ఎందుకో తెలియని అలవాటును యంత్రానికి నేర్పకు పిల్లా. మనిషైతే ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతాడు, అది మరవదు."